కారుకు సల్ల తాగించిన రోజు

ఒక్క మధ్యాహ్నంలో ఒక మనిషి ఎంత పరువు పోగొట్టుకోగలడు? ఈ ప్రశ్నకు నా దగ్గర కచ్చితమైన జవాబు ఉంది. ఎందుకంటే నేను స్వయంగా పోగొట్టుకుని చూశాను. అదీ రోహిణి కార్తె ఎండలో, కొత్త చొక్కా తొడుక్కుని, ముఖానికి పౌడరు రాసుకుని, పిల్లనిచ్చేవాళ్ల వాకిట్లో నిలబడి మరీ పోగొట్టుకున్నాను. నా శత్రువులకు కూడా అలాంటి రోజు రాకూడదు. ఆ శత్రువుల్లో కారు ఉన్నవాళ్లకైతే అసలే రాకూడదు.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. కేసముద్రం మార్కెట్‌లో రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. మార్కెట్ వెనకాల అద్దె ఇంట్లో నేనూ మా అమ్మా ఉండేవాళ్లం. అంతకుముందు మూడు సంబంధాలు వచ్చాయి, వచ్చిన దారినే పోయాయి. ఒకళ్లకు నా నౌకరీ నచ్చలేదు. ఇంకొకళ్లకు నా ఎత్తు నచ్చలేదు. మూడోవాళ్లు ఏది నచ్చలేదో చెప్పే ఓపిక కూడా లేకుండా ఫోన్ ఎత్తడం మానేశారు.

నాలుగో సంబంధం రఘునాథపల్లిలో ఉండే మా మేనమామ కొమురయ్య తెచ్చాడు. పిల్ల పేరు రజిత. భూపాలపల్లి జిల్లా ఘనపూర్. తండ్రి సమ్మయ్యకు ఒక వరికోత మిషన్ ఉంది. ఫోటో పంపించారు. ఫోటోలో ఆ అమ్మాయి నవ్వుతోంది. మర్యాదకు నవ్వే నవ్వు కాదది. ఫోటో తీస్తున్నవాడు ఏదో పొరపాటు చేస్తుంటే, అది కనిపెట్టి నవ్వుతున్నట్టుంది. మిర్చి బస్తాల మధ్య నిలబడి రోజుకు పదిసార్లు ఆ ఫోటో చూసుకునేవాణ్ని. కళ్లలో నీళ్లు మిర్చి ఘాటుకే తిరిగేవని ఇప్పటికీ చెబుతాను, మీరు నమ్మకపోతే మీ ఇష్టం. ఈ సంబంధం కూడా పోతే ఇంక పెళ్లి మాటే ఎత్తవద్దని అమ్మకు చెప్పేశాను.

మా మామ ఊరుకునే మనిషి కాదు. అవతలివాళ్లకు నా గురించి ఏం చెప్పాలో తోచక, నా కారు గురించి చెప్పాడు.

"మా అల్లునికి ఏసీ కారున్నది బావా! లోపల కూసుంటె ఎండకాలం అని యాదికే రాదు."

కారు ఉన్నమాట నిజం. అంతకుముందు ఏడాది జనగామలో రిటైరైన ఒక సారు దగ్గర కొన్నాను. ఏసీ ఉన్నమాట కూడా నిజమే. కానీ ఆ ఏసీకి ఒక గుణం ఉండేది. పొద్దున ఏడింటికి స్టార్ట్ చేస్తే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉండేది. పదకొండు దాటి ఎండ ముదిరేసరికి వేడిగాలి ఊదేది. రోడ్డు మీద గట్టిగా పోతుంటే కాస్త నయం. ఎక్కడైనా ఆపితే చాలు, పొయ్యి ముందు కూర్చున్నట్టే. అంటే చలి ఉన్నప్పుడు చల్లగానూ, ఎండ ఉన్నప్పుడు వేడిగానూ పనిచేసేది. అలాంటిదానికి ఏసీ ఎందుకు, కిటికీ తెరుచుకుంటే చాలదా అంటారా? అప్పట్లో అమ్మ కూడా అదే అంది.

పెళ్లిచూపులకు వారం ముందు మానుకోటలో సలీమన్న అనే మెకానిక్ దగ్గరికి పోయాను. తెలివిగలవాణ్ని కదా, ఎండలో ఎందుకని పొద్దున ఏడున్నరకే పోయాను. సలీమన్న లోపల కూర్చుని గాలి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"ఏమైందన్న దీనికి? మస్తుగున్నది కదా!"

"ఇప్పుడు మంచిగనే ఉంటదన్న. మద్యాన్నం పనిచెయ్యది."

"అట్లయితె మద్యాన్నం తీసుకరా. మంట మీదున్నప్పుడు చూస్తెనే కదా తెలిసేది. ముంగట బంపర్ గూడ ఇప్పి చూడాలె. రెండు గంటలు పడ్తది."

ఇక్కడ, పాఠకులారా, నేను నోరు మూసుకుని సరేనంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అప్పటికి నేను వారం రోజులుగా పడుకునే ముందు ఫోన్లో కారు ఏసీల వీడియోలు చూస్తున్నాను. ఏడు వీడియోలు చూసినవాడికి డాక్టర్ కంటే ఎక్కువ తెలుసు.

"ఇప్పుడు అవసరం లేదన్నా. ఇది గ్యాసు తక్కువ కేసు. గ్యాసు కొట్టు, అయిపోతది."

"చూసిన గదన్న, గ్యాసు సరిపోను ఉన్నది."

"అయినా ఇంకింత కొట్టు."

"ఎక్కువైతె గూడ కష్టమేనన్న. ఎండకు లోపల ఒత్తిడి పెరిగి, మిషన్ దానంతటదే బందయితది."

"అన్నా, నేను చెప్తున్న కదా!"

సలీమన్న నన్ను ఒకసారి జాలిగా చూశాడు. దవాఖానలో రోగి తానే మందు చీటీ రాసుకుంటుంటే నర్సమ్మ చూసే చూపు అది. ఇంకేమీ అనకుండా, నేనడిగినంత గ్యాసు కొట్టి పంపించాడు. తిరిగొచ్చేటప్పుడు ఎనిమిదిన్నరే కాబట్టి కారు మంచులా ఉంది. నేను స్టీరింగ్ మీద దరువు వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

పెళ్లిచూపుల రోజు రానే వచ్చింది. నా పథకం ఏమిటంటే, పొద్దున ఆరింటికే బయలుదేరి ఎండ రాకముందే ఘనపూర్ చేరడం. మామ తొలి రైలుకే కేసముద్రం దిగాడు. కారు తుడిచి తాళం చేతిలో పట్టుకుని నేను తయారుగా ఉన్నాను. అప్పుడు అమ్మ క్యాలెండర్ ముందు నిలబడి కుండబద్దలు కొట్టింది.

"పదిన్నర దాంక వర్జ్యమున్నది. గడప దాటేది లేదు."

"అమ్మా, ఎండైతదే!"

"మూడు సంబంధాలు ఎట్ల పోయినయో మర్సినవా? నువ్వు నా మాట ఇనకుండ వర్జ్యంల బయలెల్లినవ్. గందుకే పోయినయ్."

"పోనియ్ అల్లుడా, ఏసీ ఉన్నది గదా! మనకేం ఎండ?" అన్నాడు మామ కులాసాగా. నేను మాత్రం తాళం తిప్పుకుంటూ గడియారం వైపు చూశాను.

పదిన్నరకు అమ్మ పండ్ల సంచీ, స్టీలు క్యాను నిండా చల్లటి సల్ల పట్టుకుని, మా జేబుకో ఉల్లిగడ్డ ఇచ్చి కారెక్కింది. మజ్జిగను మేము సల్ల అంటాం. వడదెబ్బకు సల్లా, ఉల్లిగడ్డా ఉంటే ఇంక డాక్టరుతో పనిలేదని అమ్మ నమ్మకం. నెక్కొండ దాకా ప్రయాణం బాగానే సాగింది. మామ కాళ్లు చాపుకుని, "గిది కదా బతుకంటె" అన్నాడు. నెక్కొండ దాటి రైలు గేటు దగ్గర ఆగాం. రెండు నిమిషాల్లో టక్కున ఏదో ఆగిన చప్పుడు. తర్వాత వేడిగాలి మొదలైంది.

"అల్లుడా, గాలి జర ఎచ్చగ వస్తున్నది."

"అది బయటి గాలి మామా."

"బయటి గాలే వచ్చేదుంటె అద్దాలెందుకు మూసినవ్?"

గేటు తీశాక పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. ఎత్తాక ఏం చేయాలని ఆ ఏడు వీడియోల్లో చెప్పారో ఒక్కటీ గుర్తు రాలేదు. అందుకని రెండు వైర్లు కదిపాను. ఒక గొట్టం మీద చెయ్యేసి కాల్చుకున్నాను. తర్వాత గంభీరంగా తల ఊపి బానెట్ వేశాను. డ్రైవింగ్ సీటు ముందు వేడి చూపే ముల్లు కూడా మామూలుకన్నా పైకి జరిగి ఉంది. ఎండాకాలం కదా, ముల్లుకు మాత్రం ఉక్కపోయదా అనుకున్నాను.

నర్సంపేట వచ్చేసరికి నా పౌడరు చారలుగా కారి కాలర్‌లోకి దిగింది. అమ్మ కొంగుతో విసురుకుంటూ దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తోంది. అప్పుడు మామకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది.

"దీనికి వడదెబ్బ తాకినట్టుందిరా. ముంగట నీళ్లు పొయ్యి."

నవ్వకండి. నేను కూడా నవ్వాను. కానీ బాటిలెడు నీళ్లు కారు ముందు జాలీలోంచి లోపలికి పోశానో లేదో, అయిదు నిమిషాల్లో ఏసీ చల్లగా వచ్చింది! మామ సీట్లో ఎగిరి కూర్చున్నాడు.

"చెప్పలే? మనిషైనా మిషనైనా ఒకటే. తడిగుడ్డ ఏస్తె జ్వరం దిగుతది."

ఆ మాటతో అయినా నాకు తలకెక్కాల్సింది. అప్పటికీ ఎక్కలేదు. పైగా, "నీళ్లకు లోపల గడ్డకట్టిన గ్యాసు కరిగింది మామా" అని శాస్త్రీయంగా వివరించాను. ఆ చల్లదనం పావుగంట ఉంది. తర్వాత మళ్లీ వేడి. ఇంక చూడండి మా ప్రయాణం. ఆపడం, పోయడం, ఎక్కడం. దారికని తెచ్చుకున్న తాగునీళ్లన్నీ కారే తాగేసింది. ములుగు దాటాక బాటిళ్లన్నీ ఖాళీ అయ్యాయి. చుట్టూ అడవి, రోడ్డు మీద నరపురుగు లేదు. ఘనపూర్ ఇంకా చాలా దూరం ఉంది.

మామ కళ్లు మెల్లగా అమ్మ ఒళ్లో ఉన్న స్టీలు క్యాను మీదికి పోయాయి.

"వద్దు!" అంది అమ్మ, క్యానును పసిపిల్లలా గట్టిగా పట్టుకుని. "గది తాగేది!"

"చెల్లె, వడదెబ్బకు సల్ల పనిచేస్తదని నువ్వే కదా అన్నవ్? మనిషికి పనిచేసేది కారుకెందుకు చెయ్యది?"

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట ఆ క్షణంలో నాకు చాలా సబబుగా తోచింది. క్యాను మూత తీసి, కరివేపాకు, పచ్చిమిరపకాయ ముక్కలతో సహా సల్ల మొత్తం కారు ముందు జాలీలో పోశాను. కారు చల్లబడింది. మామ నా భుజం తట్టాడు. మిగిలిన దారంతా తాలింపు వాసన పీలుస్తూ, పరమ ఆనందంగా ప్రయాణించాం.

ఘనపూర్‌లో సమ్మయ్య ఇంటి ముందు కారు ఆపేసరికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. వాకిట్లో వరికోత మిషన్ నిలిపి ఉంది. కరెంటు లేదు. అరుగు మీద పదిహేను మంది చుట్టాలు విసనకర్రలతో కూర్చుని, ఏసీ కారులోంచి దిగే పిలగాడి కోసం ఎదురుచూస్తున్నారు. దిగాను. నా కొత్త చొక్కా ఒంటికి అతుక్కుని, ఇప్పుడే చెరువులోంచి లేపినట్టున్నాను.

సమ్మయ్య పెద్దమనిషి, నవ్వలేదు. "ఎండ బాగున్నట్టుంది" అని మాత్రం అన్నాడు.

కాళ్లు కడుక్కున్నాం, చాయ్ తాగాం. రజిత వచ్చి ఎదురుగా కూర్చుంది. ఫోటోలో నవ్వే నవ్వింది, కానీ ఈసారి పొరపాటు మనిషి నేనేనని నాకు అర్థమైంది. అంతలో వాళ్ల చుట్టాల్లో ఒకాయన, "పిల్ల, పిలగాడు రెండు మాటలు మాట్లాడుకోవాలె కదా. ఏడ కూసుంటరు? ఇంట్ల ఉక్కపోత సావగొడ్తున్నది" అన్నాడు.

నేను కళ్లతో ఎంత సైగ చేసినా మామ ఆగలేదు.

"ఏసీ కారుండంగ పరేషాన్ ఎందుకు బావా? కార్ల కూసోని మాట్లాడుకుంటరు. మస్తు సల్లగుంటది! మావోడు ఏసీ గూడ తానే బాగు చేసుకుంటడు. మెకానిక్‌లకే చెప్తడు!"

ఆ విధంగా, మిట్టమధ్యాహ్నం, నిలబెట్టిన కారులో, అద్దాలు మూసుకుని, నేను జీవితమంతా కోరుకున్నలాంటి అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఇంజను స్టార్ట్ చేశాను. ఏసీ ఒక్క నిమిషం చల్లగా ఊదింది. టక్కుమంది. తర్వాత వేడి, వేడితోపాటు పులిసిన సల్ల వాసన కూడా వచ్చాయి.

"ఏదో వాసనొస్తున్నది" అంది రజిత.

"కొత్త గ్యాసు. కొన్ని రోజులు అట్లనే ఉంటది."

"కొత్త గ్యాసుకు కరెపాకు వాసనొస్తదా?"

నేను మాట మార్చాను. కంప్రెసర్ అంటే ఏమిటో, గ్యాసు ఎలా తిరుగుతుందో, ఎండకు ఎందుకు అలుగుతుందో గడగడా చెప్పుకుపోయాను. అమ్మాయి గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆమె నుదుటి మీద చెమట బొట్లు కనిపిస్తున్నా ఆపలేదు. నాకు భయమేస్తే మాటలు ఎక్కువవుతాయి. లోపల మాత్రం, అయిపోయింది, నాలుగోది కూడా పోయింది అనుకుంటున్నాను.

ఆమె ఓపికగా విని, చివరికి ఒకే ప్రశ్న అడిగింది.

"పొద్దుగాల మంచిగుండి, మద్యాన్నం ఆపితె ఆగుతున్నదా?"

"అవును."

"నీళ్లు పోస్తె జరసేపు మంచిగైతున్నదా?"

"మీకెట్ల తెలుసు?"

"బానెట్ తియ్యుండ్రి" అని దిగిపోయింది.

తర్వాత తెలిసింది. కోతల కాలమంతా తండ్రి మిషన్‌కు డీజిల్ పోయించడం దగ్గర్నించి రేడియేటర్ జాలీ దులపడం దాకా ఆమే దగ్గరుండి చూసుకునేదట. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, అందరూ వంగి చూసే ఇంజను వైపు చూడకుండా, ముందు జాలీకీ దాని వెనకున్న రేడియేటర్‌కీ మధ్య సందులోకి చెయ్యి పోనిచ్చింది. ఏదో దొరికింది. లాగింది. ఇంకా లాగింది. లాగుతూనే ఉంది.

అరుగు మీద విసనకర్రలన్నీ ఆగిపోయాయి.

"ఏం దొరికింది బిడ్డా?" అని కేకేశాడు సమ్మయ్య.

"చీర, బాపూ."

ఆ ఒక్క మాటకు పదిహేను మందీ లేచి నిలబడ్డారు. పిలగాడి కారులో ఆడమనిషి చీర! సమ్మయ్య మెట్లు దిగి వచ్చాడు. ఆయన ముఖంలో ఇప్పుడు పెద్దరికం తప్ప ఇంకేమీ లేదు.

"ఎవరిది బాబూ గా చీర?"

అది కారులోకి ఎలా వచ్చిందో నాకే తోచలేదు. ఈలోపు అరుగు మీదినుంచి ఒక గావుకేక. మా అమ్మ.

"నా చీర! ఓరి నీ చేతులిరగ, నా నీలం చీరరా గది! దండెం మీదికెల్లి పక్కింటి యాకమ్మ ఎత్తుకపోయిందని ఐదు నెలలసంది గామెతోని మాటల్లేవు! బజార్ల నిలబడి తిట్టిన, శాపాలు పెట్టిన!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, సినిమా రీలు వెనక్కి తిప్పినట్టు. పత్తి సీజన్‌లో కారు మార్కెట్ యార్డులోనే ఉండేది. దూది, మక్కజొన్నల దుమ్ము ముందు జాలీలోంచి లోపలికి పోయేవి. కోత మిషన్లవాళ్లు గడ్డీ పొట్టూ పోకుండా రేడియేటర్ ముందు జాలీగుడ్డ కట్టడం నేను చూశాను. అబ్బ, ఎంత తెలివి అనుకుని, దండెం మీద పాతగా కనిపించిన చీర తీసి, నాలుగు మడతలు వేసి, సుతిలి తాడుతో రేడియేటర్ ముందు బిగించి కట్టాను. తర్వాత మర్చిపోయాను. ఐదు నెలల దూదీ దుమ్మూ పట్టి అది చీర నుంచి బొంతగా మారి, లోపలికి గాలి ఆడకుండా చేసింది. రోహిణి కార్తెలో బొంత కప్పుకున్నవాడికి ఉక్కపోయక ఏమవుతుంది?

ఇదంతా తలవంచుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సలీమన్న చెప్పింది, నేను విననిది, సల్ల పోసింది, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక సమ్మయ్య ఆ చీరను కొసతో పట్టుకుని ఎత్తి చూశాడు. దాన్నించి ఒక పచ్చిమిరపకాయ ముక్క రాలి ఆయన కాలి మీద పడింది.

అంతే. ఆ పెద్దమనిషి కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడి నవ్వాడు. ఆయన్ను చూసి చుట్టాలు, చుట్టాలను చూసి మామ నవ్వారు. "మేం జాలీగుడ్డ రోజూ ఇప్పి దులుపుతం బాబూ. నువ్వేమో ఇల్లు కట్టినట్టు ఒక్కపారి కట్టి మర్సినవ్!" అన్నాడు సమ్మయ్య కళ్లు తుడుచుకుంటూ. అమ్మ ఒక్కతే నవ్వలేదు. యాకమ్మకు ఏ ముఖం పెట్టుకుని కనపడాలో తెలియక ఏడుపు మొదలుపెట్టింది.

చీర తీశాక కారు స్టార్ట్ చేస్తే అయిదు నిమిషాల్లో లోపలంతా చల్లబడింది. ఆ సంగతి తెలియగానే వాళ్ల నాయనమ్మ, ఇద్దరు మేనత్తలు, మా అమ్మ, మా మామ కలిసి కారు నిండా ఎక్కేసి తలుపులు వేసుకున్నారు. మాట్లాడుకోవాల్సిన మేమిద్దరం మాత్రం ఎండలో మిగిలిపోయాం. కోత మిషన్ నీడలో నిలబడ్డాం.

"గ్యాసు గూడ ఎక్కువున్నట్టుంది. గా మెకానిక్ దగ్గరికి మద్యాన్నం పూట పోయి తీపియ్యుండ్రి" అంది రజిత.

"పోతా. మీరు... ఏమన్నా అడగాలంటె అడగండి."

"ఏం అడగాలె? అన్నీ మీరే చెప్పిండ్రు కదా" అని నవ్వింది. ఇప్పుడు నవ్వులో వెక్కిరింత కాస్త తగ్గినట్టు అనిపించింది. లేదా నాకలా కావాలనిపించింది.

చల్లటి కారులో ఇంటికొచ్చాను గానీ, రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మామ మా ఇంట్లో ఉండగా సమ్మయ్య ఆయనకు ఫోన్ చేశాడు. పిల్ల ఒప్పుకుందట. మామ నమ్మలేక, "బావా, ఏం చూసి ఒప్పుకున్నది?" అని అడిగాడు. నేను ఫోన్‌కు చెవి ఆనించి పక్కనే నిలబడ్డాను.

"నేను గూడ గదే అడిగిన" అన్నాడు సమ్మయ్య. "మనిషి మంచోడే బాపూ, గట్లనే ఒక్కణ్ని ఇడిసిపెడితె ఆగమైతడు అన్నది."

అందుచేత, పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట నేనిక్కడ ప్రమాణం చేస్తున్నాను. తిరిగేది, ఊదేది, చల్లబరిచేది ఏది ఆగిపోయినా, నా అభిప్రాయం నేను చెప్పను. ఎవరైనా అడిగినా చెప్పను. మెకానిక్ మధ్యాహ్నం రమ్మంటే మధ్యాహ్నమే పోతాను. మా ఇంటి దండెం మీది గుడ్డ దేన్నీ దాని సొంతదారు చేతి నుంచి తప్ప తీసుకోను. మొన్న మా ఫ్రిజ్ ఆగిపోయింది. "ఏమైందంటవ్?" అని రజిత నన్నడిగింది. నేను చేతులు కట్టుకుని, "నాకు తెల్వది" అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నావైపు అంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు.